నాలుగు టైర్ల లెక్క

విల్సన్ గార్డెన్‌లో నజీర్ బాషా షెడ్డు ముందు
రెండు ముసలి బండ్లు పక్కపక్కన నిలబడ్డాయి
రేషన్ క్యూలో మాటలైపోయిన వాళ్ళలా.

ఒకటి వెండి రంగు ఫారెస్టర్.
ముందు షెవర్లే బిళ్ళ, లోపల సుబారు ఎముకలు.
ఇంటిపేరు మారినా నడక మారని మనిషి.
రెండోది ముదురాకుపచ్చ సీఆర్‌వీ,
పొడవు కొంచెం తక్కువ, పొగరు కొంచెం ఎక్కువ.
"దాన్ని వ్యాగను అనకమ్మా, కోపమొస్తుంది" అన్నాడు నజీర్.

నాకు గొప్ప అక్కర్లేదు.
తెల్లారి అయిదింటికి సిద్దాపుర నర్సరీ సందులో
పద్నాలుగు అరేకా కుండీలు, రెండు ఎరువు బస్తాలు ఎక్కించి
తొమ్మిదిలోపల ఆఫీసుల్లో ఎవరూ చూడని మూలల్లో
పచ్చగా నిలబెట్టి రావాలి.
వాడినవి సాయంత్రం వెనక్కి తేవాలి.
మొక్కలు అద్దెకివ్వడం నా పని.
ఆటోలో వేస్తే సగం ఆకులు దారిలోనే రాలతాయి.

టేపు పట్టుకుని ఫారెస్టర్ డిక్కీలోకి దూరాను.
సీట్లు మడిస్తే కాళ్ళు చాపుకోవచ్చు.
పడుకుని చూశాను కూడా.
పైకప్పు గుడ్డ జారి ముక్కుకు తగిలింది,
ఎవరిదో పాత సాంబ్రాణి వాసన.
సీఆర్‌వీలో కుండీలు దర్జాగా నిలబడతాయి గానీ
వెనక తలుపు స్టెప్నీని మోసుకుని పక్కకు తెరుచుకుంటుంది.
మా సందులో తలుపు తెరిస్తే నేను గోడలో ఉండాలి.

మైలేజీ అడిగాను.
నజీర్ ముందు టీ తెప్పించాడు.
"ఎనిమిది. సిల్క్ బోర్డు దగ్గర అల్లా దయ."
మంచుకొండల కోసం పుట్టిన బండి.
ఈ ఊళ్ళో మంచంటే
జనవరిలో లాల్‌బాగ్ గడ్డి మీద తడి, అంతే.

"అసలు తేడా ఇది" అని
నూనె మరకలో పానాతో నాలుగు సున్నాలు గీశాడు.
సీఆర్‌వీలో ముందు చక్రాలు లాగుతాయి,
వెనకవి ఊరికే దొర్లుతాయి.
ముందువి జారాకే అవి నిద్ర లేచేది.
ఫారెస్టర్లో నాలుగూ ఎప్పుడూ పనిలోనే,
ఎండైనా, ఖాళీ రోడ్డైనా, ఆదివారమైనా.

నేనేమీ అనలేదు.
మా ఆయన మంచివాడే.
గర్భసంచి ఆపరేషనప్పుడు పది రోజులు వండిపెట్టాడు,
రసం నాకంటే బాగా కాస్తాడు.
పదకొండో రోజు పొద్దున
టీ ఏదీ అన్నాడు.

కెంపమ్మ వేరు.
నాలుగున్నరకే గేటు దగ్గర
తువాలు నడుముకు బిగించి ఉంటుంది,
కుండీకి రెండో అంచు పట్టుకోవడానికి.

వాన మొదలైంది. తాళం ఇచ్చాడు.
అండర్‌పాస్‌లో ఆటో మీటరు దాకా నీళ్ళు.
వెనక్కి తిప్పాను.
నాలుగు చక్రాలకు పనున్నంత మాత్రాన
బండి పడవ కాదు, ఇది నజీర్ మాటే.
నర్సరీ ఎర్రమట్టి ఏటవాలు మాత్రం ఎక్కింది.
గర్వం లేకుండా, గోల లేకుండా
బస్తా భుజాన వేసుకుని నడిచే కెంపమ్మలా.

తిరిగొచ్చాక లోపాలన్నీ చెప్పించుకున్నాను.
ఇంజను పడుకుని ఉంటుంది, ప్లగ్గు తీయాలంటే ఒక పూట.
నూనె చెమటలా కారుతుంది. సామాన్లు చెప్పిన రోజుకు రావు.
"ఒక్క టైరు పోతే?"
"నాలుగూ మార్చాలి.
ఒకటి కొత్తది మూడు అరిగినవి వేస్తే
మధ్యలో గేర్లు తినేసుకుంటాయి."

అక్కడ కాసేపు ఆగాను.
సమానంగా పనిచేయడానికి ఇంత ఖర్చా?

ఇప్పుడు నర్సరీలో ఖాళీ వేపపిండి డబ్బా ఒకటి
టైర్ల కోసం పక్కన పెట్టాం.
మొదటి అయిదొందలు కెంపమ్మ వేసింది.
నేను అడగలేదు.

ఆయన బాల్కనీలోంచి బండిని చూసి
మైలేజీ ఎంత అన్నాడు.
డిక్కీ మూత ఒక చేత్తో పట్టుకో, చెప్తాను అన్నాను.